మా ఇంటి గ్రూపులో ఆదివారం వీడియో: నా అనుభవం

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో నలభై మందికి పైగా ఉన్నాం. అమలాపురంలో పెద్దమ్మ, రాజమండ్రిలో బాబాయ్, పిన్ని, న్యూజెర్సీలో బావ, హైదరాబాద్‌లో మేము, ఇంకా చదువుల కోసం తలా ఒక ఊళ్ళో ఉన్న పిల్లలు. ఇంతమంది ఉన్నా గ్రూపులో మాటలు మాత్రం ఉండేవి కావు. పొద్దున్నే గులాబీల మీద శుభోదయం, మధ్యాహ్నం ఏ కషాయం తాగితే ఏ జబ్బు తగ్గుతుందో, రాత్రికి ఎవరినో ఎవరో భయపెట్టి నవ్వే ప్రాంక్ వీడియో. దేనికీ జవాబు రాదు. మహా అయితే ఒక దణ్ణం బొమ్మ.

నాకేమో యూట్యూబులో మంచి వీడియో కనపడితే పక్కవాళ్ళకి చూపించకుండా ఉండలేని జబ్బు. ఆఫీసులో అందరికీ చూపించి విసిగించాక, ఈ పని మనవాళ్ళ మధ్యే పద్ధతిగా చేద్దామనిపించింది. వారానికి ఒక్కటే వీడియో, ఆదివారం పొద్దున. నేను చివరిదాకా చూసినదే పెట్టాలి. ఎందుకు పెడుతున్నానో తెలుగులో ఒక వాక్యం రాయాలి. తీసినవాళ్ళ పేరు చెప్పాలి. అంతకుమించి ఆలోచన లేదు అప్పట్లో.

మొదట ఏం పెట్టాలా అని పెద్దగా తన్నుకోలేదు. మనవాళ్ళకి మనవాళ్ళ వీడియోనే సులువు అనుకుని మస్తానమ్మ గారిది పెట్టాను. గుంటూరు జిల్లా గుడివాడ అనే చిన్న పల్లెలో, వందేళ్ళు దాటిన వయసులో, పొలం పక్కన కట్టెల పొయ్యి మీద వండిన ఆవిడ. 2016లో మొదలైన ఆ కంట్రీ ఫుడ్స్ ఛానెల్ వీడియోలు దేశదేశాల వాళ్ళు చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోయారు. నేను పంపింది పుచ్చకాయ డొప్పలో కోడికూర వండిన వీడియో. పెద్దమ్మ అరగంటలో వాయిస్ మెసేజ్ పెట్టింది: "పుచ్చకాయలో కూరేంటే, నీళ్ళోడుతుంది కదా! అయినా ఆవిడ కూర్చున్న తీరు చూడు, మా నాయనమ్మ అచ్చం అలాగే కూర్చునేది." దానికి పిన్ని జవాబు, పిన్నికి అత్తయ్య జవాబు. నాయనమ్మ వంటల మీద ఆ రోజంతా గ్రూపు మోగుతూనే ఉంది. శుభోదయం గులాబీలు ఆ పూట ఎక్కడో పైకి వెళ్ళిపోయాయి.

రెండో వారమే అసలు సమస్య బయటపడింది. లింకు పెడితే పెద్దవాళ్ళు నొక్కడం లేదు. పిన్ని ఫోన్ చేసి చెప్పింది: "తెలియని లింకులు నొక్కితే ఖాతాలో డబ్బులు పోతాయని బ్యాంకు వాళ్ళు మెసేజ్‌లు పెడుతున్నారు కదమ్మా. నువ్వే పెట్టావో, నీ ఫోన్ ఎవరైనా హ్యాక్ చేసి పెట్టారో నాకేం తెలుసు?" ఆవిడ మాట తీసిపారేసేది కాదు. మరి నొక్కమని నేనెలా బలవంతపెట్టను? "అందుకే అందరూ వీడియో డౌన్‌లోడ్ చేసి పెడతారు, నువ్వూ అలాగే పెట్టు" అని బావ సలహా.

అది నాకిష్టం లేదు. డౌన్‌లోడ్ చేసి పంపిన వీడియో వాట్సాప్‌లో నలిగి, బొమ్మ మసకబారి చేరుతుంది. అది చిన్న నష్టం. నాలుగు చేతులు మారేసరికి తీసిన మనిషి పేరు ఉండదు, ఎవరో దాని మీద తమ పేజీ ముద్ర కొడతారు, లక్షల మంది చూసినా ఆ లెక్క అసలు మనిషి ఖాతాలో పడదు. నెలల తరబడి కష్టపడి తీసినవాళ్ళకి మనం ఇవ్వగలిగింది ఒక చూపు, ఒక పేరు. అవి కూడా మిగల్చకపోతే ఎలా?

బావకి ఓకే గో కథ చెప్పాను. అమెరికన్ బ్యాండ్. 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్స్ మీద నలుగురూ నృత్యం చేసిన వీడియోతో పేరు తెచ్చుకున్నారు. జనం దాన్ని తమ తమ పేజీల్లో పెట్టుకుని ఒకరికొకరు చూపించుకోవడం వల్లే అంత పేరొచ్చింది. తర్వాత వాళ్ళ రికార్డు కంపెనీ ఈఎంఐ, వేరే పేజీల్లో వాళ్ళ వీడియోలు ఆడకుండా ఆపేసింది. అలా చూస్తే కంపెనీకి డబ్బు రాదని కారణం. దాంతో చూసేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారని బ్యాండ్ గాయకుడు డేమియన్ కులాష్ 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసమే రాశాడు. ఆ ఏడాదే బ్యాండ్ ఆ కంపెనీ నుంచి బయటికొచ్చేసింది. అంటే పంచుకోవడాన్ని బిగించేసినా తీసినవాడికే నష్టం, పేరు చెరిపేసి పంచుకున్నా తీసినవాడికే నష్టం. బావ ఒప్పుకోలేదు. "వాళ్ళకి మన పిన్ని ఒక్కర్తి చూస్తే ఎంత, చూడకపోతే ఎంత?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు కానీ నా పద్ధతి మార్చుకోలేదు.

దారి పిన్ని వల్లే దొరికింది. "లింకు నొక్కను, పేరు చెప్పు, నేనే వెతుక్కుంటాను" అంది. యూట్యూబులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే వెతికిపెడుతుంది, ఆవిడ పాటలన్నీ అలాగే వింటుందట. అప్పటినుంచి లింకు కింద వెతకాల్సిన మాట కూడా తెలుగులో రాయడం మొదలుపెట్టాను. పేరు చెప్పి వెతుక్కున్నాక, ఆ ఛానెల్లో ఇంకేం ఉన్నాయో కూడా పిన్నికి కనపడటం మొదలైంది. నేను ఒకటి పంపితే ఆవిడ మూడు చూసి, "నువ్వు పంపిన దానికన్నా ఇది బాగుంది" అని నాకే చెప్పేది. పంపించే పని ఒకరిది, చూసే పని మిగతావాళ్ళది అన్న తేడా మా ఇంట్లో అలా కరిగింది.

అన్నిసార్లూ కుదరదు లెండి. పెస్ అనే అమెరికన్ దర్శకుడు 2012లో తీసిన 'ఫ్రెష్ గ్వాకమోలే' (గ్వాకమోలే అంటే అవకాడోతో చేసే పచ్చడి) పంపినప్పుడు పెద్దమ్మ మైకులో ఆ పేరు ఎలా పలికిందో తెలియదు, ఫోన్ గోంగూర పచ్చడి వీడియో చూపించింది. ఆవిడ అదే నేను పంపింది అనుకుని పూర్తిగా చూసి, "ఇందులో వింతేముందే, ఎండుమిరపకాయలు నూనెలో వేయించలేదు కూడా" అని విసుక్కుంది.

అసలు వీడియో రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆస్కార్‌కి నామినేట్ అయిన సినిమాల్లో అతి చిన్నది అదే. బల్ల మీద ఒక చెయ్యి వంట చేస్తుంటుంది, అంతే. అయితే అవకాడోకి బదులు గ్రెనేడ్. దాన్ని కత్తితో రెండుగా కోస్తే లోపల మెత్తటి గుజ్జు. ఉల్లిపాయకి బదులు బేస్‌బాల్. దాన్ని తరిగితే ముక్కలన్నీ పాచికలైపోతాయి. టమాటా స్థానంలో గుండుసూదులు గుచ్చుకునే ఎర్ర దిండు, నంజుకునే చిప్స్ స్థానంలో జూదంలో వాడే పోకర్ చిప్స్. ఒక్కో వస్తువునీ కాస్త జరపడం, ఫొటో తీయడం, మళ్ళీ జరపడం. అలా తీసినవన్నీ వరసగా ఆడిస్తే కదులుతున్నట్టు కనపడుతుంది. స్టాప్ మోషన్ అంటారు. మాట ఒక్కటీ లేదు, కత్తి చప్పుడు మాత్రం నిజం వంటింట్లోలాగే ఉంటుంది. పెద్దమ్మకి మనవడు టీవీలో పెట్టి చూపించాడు. ఈసారి మెసేజ్: "గ్రెనేడ్‌ని కోస్తున్నాడేంట్రా నాయనా!" అదే వీడియోని మా ఐదేళ్ళ మేనకోడలూ, డెబ్భై దాటిన పెద్దమ్మా ఒకేలా నోరు తెరుచుకుని చూశారు. మాటలు లేని వీడియోలే మా గ్రూపుకి సరిపడతాయని అప్పుడర్థమైంది. భాష అడ్డం రాదు, అర్థం కాలేదని ఎవరూ చిన్నబుచ్చుకోరు, నవ్వు అందరికీ ఒకేచోట వస్తుంది.

బాబాయ్ మాత్రం మొదట్లో దేనికీ కదల్లేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. గ్రూపులో ఆయన మెసేజ్ అంటే ఎవరో పోయారన్న వార్తే. ఆయన కోసమే వింటర్‌గాటన్ అనే బ్యాండ్ వాళ్ళ 'మార్బుల్ మెషిన్' పెట్టాను. మార్టిన్ మోలిన్ అనే స్వీడన్ సంగీతకారుడు చెక్కతో చేసిన యంత్రం. 2016లో వచ్చింది వీడియో. చేత్తో ఒక పిడి తిప్పితే పళ్ళచక్రాలు తిరుగుతాయి, రెండు వేల ఉక్కు గోళీలు కింద నుంచి పైకెక్కి, సరిగ్గా తాళానికి ఒక్కొక్కటిగా వాయిద్యాల మీద పడి మోగిస్తాయి. పడినవి మళ్ళీ జారుకుంటూ కిందకి చేరి, మళ్ళీ పైకెక్కుతాయి. ఏ గోళీ ఎప్పుడు పడాలో పెద్ద చక్రం మీద గుచ్చిన పుల్లలు చెప్తాయి.

బాబాయ్ ఆ ఆదివారం ఏమీ అనలేదు. సోమవారం రాత్రి ఫోన్ నిండా పట్టేంత మెసేజ్ వచ్చింది. గోళీల్ని పైకెత్తే పట్టీ ఎలా పనిచేస్తోందో, పిడి ఒక్కటే అయినా దాని నుంచి ఎన్ని పనులకి బలం పంచాడో, ఎక్కడ గోళీ ఇరుక్కునే ప్రమాదం ఉందో, చెక్కకి బదులు ఫలానా చోట ఇనుము వాడి ఉంటే బేరింగ్ ఎక్కువకాలం వచ్చేదో రాశారు. చివర, "ఈ కుర్రాడు డిపోలో ఉండాల్సినవాడు" అని. బాబాయ్ తన పని గురించి అంత వివరంగా ఎప్పుడూ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ తర్వాత పిల్లలు ఆయన్ని ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు, క్లచ్ ఎలా పనిచేస్తుంది, బస్సు వైపరెందుకు ఆగిపోతుంది అని.

కొన్నాళ్ళకి గ్రూపులో అందరూ వీడియోలు పెట్టడం మొదలైంది. సంతోషమే. కానీ చెత్త కూడా మొదలైంది. ఇద్దరు మనుషులు వట్టి చేతులతో, కర్రలతో అడవిలో ఈతకొలను, దాని పక్కన రెండంతస్తుల మట్టి ఇల్లు కట్టేసే వీడియోలు మీరూ చూసే ఉంటారు. పెద్దనాన్న వాటికి వీరాభిమాని. నాకు అనుమానం వచ్చి నెమ్మదిగా ఆపి ఆపి చూశాను. గోతి అంచులు గీత గీసినట్టున్నాయి, ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య లారీడు మట్టి మాయమవుతోంది, ఇద్దరి ఒంటి మీదా అలసట లేదు. ఇలాంటి ఛానెళ్ళు కొన్ని కెమెరా వెనక జేసీబీలు వాడుకున్న సంగతి తర్వాత బయటికి కూడా వచ్చింది. పెద్దనాన్నతో నేరుగా "ఇది దొంగది" అనలేను కదా. అందుకని ఈ తరహాకి ఆద్యుడైన ప్రిమిటివ్ టెక్నాలజీ ఛానెల్ పెట్టాను. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి చెందిన జాన్ ప్లాంట్ 2015లో మొదలుపెట్టాడు. నోరు విప్పడు. మట్టి తొక్కుతాడు, పెంకులు కాలుస్తాడు, కాల్చినవి పగిలితే పగిలినవీ చూపిస్తాడు. చాలామందికి తెలియని సంగతి, సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తే ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో అంతా రాసి ఉంటుంది. పెద్దనాన్న రెండూ చూసి, "ఇతను నెమ్మదిగా చేస్తున్నాడు, పాపం" అన్నారు. ఆ "పాపం"లో ఆయనకి తేడా తెలిసిందనే అనుకుంటున్నాను. ఈతకొలనులు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు.

ఇప్పుడు ఏఐ వీడియోల గోల. పిల్లి దోశ వేస్తుంది, ఏనుగు పసిపాపని ఊయల ఊపుతుంది. నిజమని భ్రమపడేలా తయారుచేసిన దృశ్యాలుంటే ఆ సంగతి చెప్పి తీరాలని యూట్యూబు 2024లో నియమం పెట్టింది. కానీ వాట్సాప్‌కి ఫైలుగా వచ్చేసరికి ఆ చీటీ ఊడిపోతుంది కదా. "చూడ్డానికి బాగుంటే చాలదా?" అంటారు పెద్దనాన్న. నాకు చాలదు. గోళీల యంత్రం చూసి బాబాయ్ అంత రాశారంటే అందులో ఇరుక్కునే గోళీ నిజమైనది కాబట్టి. దోశ వేసే పిల్లి గురించి ఎవరైనా ఏం రాస్తారు? మా ఇద్దరికీ ఈ విషయంలో పడదు. అయినా ఏఐ అనిపిస్తే ముందు ఆ మాట రాసి పెట్టమని అడిగాను, పెడుతున్నారు. పుకార్ల వల్ల మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు జరిగాక 2018లో మన దేశంలో వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. చాలా చేతులు మారిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు వస్తుంది. ఆ రెండు బాణాలు కనపడితే ఆదివారం వీడియోగా తీసుకోం.

పిల్లల కోసమని అరవింద్ గుప్తా గారి వీడియోలు పెట్టినప్పుడు గ్రూపు ఇంకో మలుపు తిరిగింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, చెత్తతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పిన మనిషి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి త్రికోణాలు, చతురస్రాలు, ఇళ్ళు కట్టే ఆట ఉంది చూడండి, త్రికోణాన్ని నొక్కితే కదలదు, చతురస్రం ఒరిగిపోతుంది. తరగతిలో బోర్డు మీద ఎక్కని విషయం వేళ్ళకి ఎక్కేస్తుంది. ఆ వారం ఫొటోలే ఫొటోలు. అగ్గిపెట్టెలు ఖాళీ చేశారని ఇద్దరు తల్లులు నన్ను తిట్టారు కూడా.

అప్పుడు మేనకోడలి అన్నయ్య, తొమ్మిదో తరగతి, "అత్తా, మనమే ఒకటి తీద్దామా, గ్వాకమోలే లాగా?" అన్నాడు. వేసవి సెలవుల్లో అందరూ రాజమండ్రిలో కలిశారు. ఏం వండాలన్న చర్చలో పెసరట్టు గెలిచింది. పెనం స్థానంలో పాత గ్రామఫోన్ రికార్డు. పిండికి ఆకుపచ్చ ఊలు. పిన్ని స్వెటర్ అల్లగా మిగిలిన ఉండ అది. మధ్య నుంచి బయటికి గుండ్రంగా చుట్టుకుంటూ పోతే అచ్చం గరిటెతో అట్టు తిప్పినట్టే. ఉల్లిపాయ ముక్కలు గులాబీ రంగు చొక్కా గుండీలు, పచ్చిమిర్చి క్రేయాన్ ముక్కలు, లోపల ఉప్మాకి థర్మోకోల్ పూసలు. అల్లం పచ్చడి దగ్గర గంట గొడవ. చివరికి బాబాయ్ గారాజ్ డబ్బాలోంచి తుప్పు రంగు వాషర్లు తెచ్చి గిన్నెలో పోశారు.

ఫోన్‌ని స్టీలు డబ్బాల మధ్య ఇరికించి, కదలకుండా టేపు అంటించాం. స్టాప్ మోషన్ యాప్‌లో సెకనుకి పన్నెండు ఫొటోలు పెట్టుకుంటే అర నిమిషానికే 360 ఫొటోలు. కిటికీ వెలుతురులో మొదలుపెడితే మబ్బు వచ్చి పోయినప్పుడల్లా అట్టు నల్లబడి తెల్లబడింది. కిటికీ మూసి, ట్యూబ్‌లైటు కింద, కెమెరాలో వెలుతురూ ఫోకసూ లాక్ చేసి తీస్తే కుదురుకుంది. ఫ్యాన్ వేయకూడదు, థర్మోకోల్ ఎగిరిపోతుంది. మే నెల రాజమండ్రిలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అట్టు మడిచే షాట్ దగ్గర ఊలు వదులైపోతే పెద్దమ్మ వచ్చి వెనక నుంచి సూదితో కుట్టింది. "నిజం పెసరట్టు ఐదు నిమిషాల్లో వేసిపెట్టేదాన్ని కదర్రా" అంటూనే.

దాన్ని గ్రూపులో ఎలా పెట్టాలన్న దగ్గర నేను ఇన్నాళ్ళూ చెప్పిందంతా నాకే అప్పజెప్పాడు మేనల్లుడు. ఫైలుగా పెట్టొద్దు, పేర్లు ఉండాలి, లింకే ఉండాలి అని. పిల్లల చేతులు తప్ప మొహాలు రాకుండా చూసుకుని, వాళ్ళ అమ్మ ఖాతాలో యూట్యూబుకి ఎక్కించి 'అన్‌లిస్టెడ్' పెట్టాం. అంటే లింకు ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది, వెతికితే దొరకదు. పిన్ని అలవాటుగా మైకులో వెతికి, దొరక్క, నాకు ఫోన్ చేసింది. "పేరు చెప్తే చాలన్నావు, ఇప్పుడేమో లింకు నొక్కమంటావేంటి?" అని. ఇద్దరం ఫోన్‌లో ఉండగానే నొక్కింది. ఊలు ఉండ ఆవిడదే కనక హక్కుగా మొదటి కామెంట్ కూడా ఆవిడే పెట్టింది.

ఇప్పుడు ఆదివారాలు వంతులేసుకున్నాం. బావ వంతు వచ్చిందంటే డ్రోన్‌తో తీసిన మంచుకొండలు, ఇరవై నిమిషాలు, పైగా ఏదో పియానో. చివరిదాకా నువ్వైనా చూశావా బావా అని అడిగితే, "నేపథ్యంలో పెట్టుకుని పని చేసుకుంటా" అంటాడు. ఇది నియమాలకి విరుద్ధమని నేను, నియమాలు నీవి గ్రూపువి కాదని అతను. బాబాయ్ మాత్రం డ్రోన్ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కనుక్కోమని అడిగారు.